కల్వర్టు కాడ కెమెరా

శనివారం పొద్దున ఉమారాణి వేసుకున్న పథకం అరచేతిలో రాసుకునేంత చిన్నది. తొమ్మిదిన్నరకు బావను కథలాపూర్ రోడ్డు మీది కల్వర్టు దగ్గర నిలబెట్టాలి. పదిన్నరకల్లా ఫోటో తీసెయ్యాలి. పన్నెండుకు ఆ ఫోటో కోరుట్లలోని ఫ్లెక్సీ ప్రెస్సుకు చేరాలి. మూడింటికి ఫ్లెక్సీ ఆటో అడ్డా గోడెక్కాలి. నాలుగింటికి బావ గెలవాలి. ఇందులో మొదటి మూడే ఆమె చేతిలో ఉన్నవి. ఆఖరుది నలభై రెండు మంది ఆటోడ్రైవర్ల చేతుల్లో ఉంది. ఆ అడ్డాలో ఓటంటే చేతులెత్తడమే. వాళ్ళు చేతులెత్తితే గెలుపు, చేతులెత్తేస్తే ఓటమి.

బావ అంటే అక్క రాధిక భర్త హన్మండ్లు. కోరుట్లకూ కథలాపూర్‌కూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. అడ్డా అధ్యక్ష పదవికి ఆరేళ్ళ కింద ఒకసారి, మూడేళ్ళ కింద మరొకసారి నిలబడ్డాడు. రెండుసార్లూ జనం కూర్చోబెట్టారు. మూడుసార్లు ఓడినవాడు మళ్ళీ పోటీ చేయకూడదని అడ్డా రూలు. అంటే ఇది ఆఖరి అవకాశం. తొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడిగా ఉన్న దేవయ్య, తనవాళ్ళ ఆటో ఎంత వెనకున్నా ముందుకు లాగుతాడు, మిగతావాళ్ళ ఆటో ఎంత ముందున్నా వెనక్కి నెడతాడు. ఎక్కడా లేని ఆ రివర్సు గేరు వల్ల, తెల్లారి ఐదింటికే వచ్చి నిలబడ్డ హన్మండ్లుకు మొదటి బేరం ఎనిమిదింటికి గాని పడదు. "వరుస తప్పకుంట నడిపిస్త" అన్నదొక్కటే అతని వాగ్దానం. ఆ వరుస కోసమే వరుసగా మూడోసారి వరుసలో నిలబడ్డాడు పాపం.

కిందటిసారి ఓడింది రెండే రెండు ఓట్లతో. ఆ పాపం తనదేనని ఉమారాణి గట్టి నమ్మకం. కోరుట్లలో ఆడవాళ్ళ ఫంక్షన్లకు ఫోటోలు తీసే మనిషి ఆమె. అప్పుడు ఫ్లెక్సీ కోసం బావ ఫోటో కూడా ఆమే తీసింది, కెమెరా నెత్తిన ఫ్లాషు పెట్టి, ఎదురుగా కొట్టి. మొహం రొట్టెలా చదునుగా, కళ్ళు ఎర్రగా, వెనక గోడ మీద నల్లటి నీడ. పన్నెండడుగుల ఫ్లెక్సీలో హన్మండ్లు టార్చిలైటుకు దొరికిన దొంగలా ఉన్నాడు. పక్కనే దేవయ్య చేతులు జోడించి దేవుడిలా ఉన్నాడు. దొంగకూ దేవుడికీ మధ్య రెండు ఓట్లే తేడా రావడం, నిజానికి హన్మండ్లు మంచితనం.

ఆ రోజు నుంచి ఉమారాణికి ఒకటే ఆరా. వెలుతురు ఎదురుగా కాక పక్కనుంచి వస్తే మనిషి ఎలా ఉంటాడు? మొన్న సెలవు మీద వచ్చిన భర్త నరేశ్, మస్కట్ నుంచి ఒక ఫ్లాషు తెచ్చాడు. కెమెరాకు అంటుకోకుండా దూరంగా మూడుకాళ్ళ స్టాండు మీద నిలబడుతుంది. కెమెరా మీద అగ్గిపెట్టెంత ట్రిగ్గరు పెట్టి మీట నొక్కితే, తీగ లేకుండానే అక్కడ అది మెరుస్తుంది. ఉమారాణి దాన్ని మొదట గుమ్మడికాయ మీద, తరువాత అత్త మొగిలవ్వ మీద ప్రయోగించింది. గుమ్మడికాయ ఏమీ అనలేదు. మొగిలవ్వ మాత్రం తన ఫోటో చూసుకుని, "గీ మెరుపేదో నా పెండ్లినాడు ఉంటే, మీ మామ జర భయపడుతుండె" అంది.

అసలు తమాషా ఆరుబయట ఉంది. కెమెరాలో వెలుతురు తగ్గిస్తే మిట్టమధ్యాహ్నం ఆకాశం కూడా ముసురు పట్టినట్టు నల్లబడుతుంది. మనిషి కూడా నల్లబడతాడు. అప్పుడు ఆ మనిషి మీదికి మాత్రం పక్కనుంచి ఫ్లాషు కొడితే, వెనక తుఫాను మేఘం, ముందు నిలువెత్తు వీరుడు. అట్లా ఆటో స్టాండులో స్టాండైన మనిషికి లైటు స్టాండు తోడైంది.

కల్వర్టు దగ్గర రోడ్డుకు ఒకవైపు మొక్కజొన్న వేసిన మక్కచేను, ఇంకోవైపు పసుపు చేలు, వాటి పైన దండిగా ఆకాశం. హన్మండ్లు సిరిసిల్ల బట్టతో కొత్తగా కుట్టించిన ఖాకీ చొక్కా తొడిగి, నల్లద్దాలు పెట్టి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఎనిమిదడుగుల దూరంలో లైటు. గాలికి పడకుండా స్టాండు కాళ్ళ మీద ఇసుక సంచి, ఇసుక సంచి మీద మొగిలవ్వ.

"ఎండ గింత కొడ్తాంటే మళ్ల లైటెందుకు మరదలా? సూర్యుడు సాల్తలేడా?" అన్నాడు హన్మండ్లు.

"సూర్యుడు నేను చెప్పినకాడ నిలవడడు బావా. గీ లైటైతే నిలవడుతది."

"నేను?"

"నువ్వు గెలిచేదాక నిలవడు. చెయ్యి రోడ్డు దిక్కు సాపు. 'మన తొవ్వ గిదే' అన్నట్టు ఉండాలె."

హన్మండ్లు చెయ్యి చాపాడు. అంతలోనే అతనికీ ఒక ఆలోచన వచ్చింది. అభ్యర్థికి ఆలోచన రావడం ఎప్పుడూ ప్రమాదమే. "ఎనుకకెళ్లి ఆటోలు పోతాంటే నొక్కు పిల్లా. ఉత్త రోడ్డు ఏం బాగుంటది? రోడ్డు బిజీగ కనవడాలె" అన్నాడు.

మంచి మాటే. ఉమారాణి ఒప్పుకుంది. కింది నుంచి తీస్తే మనిషి ఎత్తుగా కనిపిస్తాడని మక్కచేను గట్టు దిగి, కెమెరాతో సహా ఆకుల్లో మాయమైంది. హన్మండ్లు తన ఫోను జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుందని మొగిలవ్వకిచ్చాడు. ఆమె దాన్ని బొడ్లో దోపుకుంది.

ఇప్పుడు రోడ్డు మీదినుంచి చూసేవాళ్ళకు కనిపించేది ఏమిటయ్యా అంటే, మూడుకాళ్ళ మీద నిలబడి రోడ్డు వైపు చూస్తున్న ఒక నల్ల డబ్బా, దానికో గాజు కన్ను, దాని కాపలాకు ఒక ముసలామె, పక్కన ఖాకీ చొక్కాలో నల్లద్దాల మనిషి. ఆటో వచ్చినప్పుడల్లా అతను ఆటో వైపు చెయ్యి చూపిస్తాడు, డబ్బా మెరుస్తుంది. ఫోటో తీసే మనిషి మాత్రం ఎక్కడా కనిపించదు. జగిత్యాల రోడ్డు మీద మూడుకాళ్ళ కెమెరా పెట్టి పరిమితికి మించి ఎక్కించుకున్న బండ్లను పట్టుకుంటున్నారని నెల రోజులుగా అడ్డాలో ఒకటే ముచ్చట. ఇక చెప్పేదేముంది?

మొదట మెరిసింది అక్షయ్ ఆటో మీద. కుర్ర డ్రైవరు, ఆటోలో పదకొండు మంది ఉన్నారు. మెరుపు చూడగానే బ్రేకు కొట్టి, యాభై గజాల అవతల ఆపి, వెనక్కి నడిచొచ్చాడు. హన్మండ్లును అడుగుదామంటే అతను చెయ్యి చాపి, గడ్డమెత్తి, విగ్రహంలా ఉన్నాడు. కదలొద్దని మరదలు చెప్పింది మరి. అందుకని మొగిలవ్వ దగ్గరికి పోయాడు.

"అవ్వా, గిదేంది?"

"కొత్తది. మొన్ననే అచ్చింది."

"ఏం జేత్తది?"

"మెరుత్తది. మెరిసిందంటే మనిషి పడ్డట్టే. మొకం మీద పుట్టుమచ్చ సుత ఇడిసిపెట్టదు."

అక్షయ్ తన చెంప మీది పుట్టుమచ్చను చేత్తో మూసుకున్నాడు. "ఆటోల కూసున్నోళ్లు గూడ పడుతరా?"

"ఎందుకు పడరు? ఎనుకకెళ్లి ఎవలు పోయినా పడుతరు. కూసున్నోళ్లు, ఏలాడెటోళ్లు, అందరు."

"అయెటు పోతయి అవ్వా?"

"పన్నెండు గొట్టంగ కోరుట్లకు పంపుతరట. ఆడ పన్నెండు ఫీట్లంత పెద్దగ జేసి గోడకు కడుతరు."

"అమ్మో! అందరియా?"

"అందరియెందుకు కొడుకా? మంచిగ పడ్డోళ్లయి."

ఈ సంభాషణలో మొగిలవ్వ ఒక్క అబద్ధమూ ఆడలేదు. నిజాన్ని ఇంత నిజాయితీగా చెబితే ఎంత ప్రమాదమో అక్షయ్ పరుగు చూస్తే తెలుస్తుంది. ఆటోలో కూర్చోగానే అతను చేసిన మొదటి పని, అడ్డా వాట్సాప్ గ్రూపులో గొంతు వదలడం: "అన్నా, కల్వర్టు కాడ కెమెరా పెట్టిండ్రు. ఆటోల ఎంతమందున్నరో లెక్క వెడ్తాంది. పడ్డోళ్ల మొకాలు గోడకు కడుతరట. హన్మండ్లన్న పక్కపొంటి నిలవడి, గిదో గీ ఆటో అని ఏలు వెట్టి చూపెడ్తాండు!"

మక్కచేనులో ఉన్న ఉమారాణికి ఇవేమీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా కెమెరా కన్నులోంచి కనిపించేదే. మొదటి నాలుగు ఫోటోలు అద్భుతంగా వచ్చాయి, ఒక్క చిక్కు తప్ప. రెండింట్లో బావ కళ్ళద్దాల్లో లైటు మెరిసింది, రెండింట్లో బావ తుమ్మాడు. అద్దాలు తీయించి, లైటును రెండడుగులు పక్కకు జరిపించి, మళ్ళీ ఆటో కోసం కాచుకుంది.

అక్కడినుంచి రోడ్డు తీరు మారిపోయింది. వచ్చిన ఆటోలో ముగ్గురే ఉన్నారు. డ్రైవరు మెడ దాకా గుండీలు పెట్టుకుని, పెళ్ళికొడుకు తలవంచినట్టు తలవంచి, నడక వేగంతో పోయాడు. ఆ వెనకే ఎనిమిది మంది ఆడవాళ్ళు, మూటలతో, గంపలతో, రోడ్డు పక్కన నడిచిపోయారు. మళ్ళీ ఒక ఆటో, నలుగురు. ఆ వెనక తొమ్మిది మంది కాలినడక. కొండగట్టుకు నడిచిపోయే భక్తులనుకుందామంటే ఒంటి మీద కాషాయం లేదు. పైగా భక్తుల నోట్లో దేవుడి పేరుండాలి. వీళ్ళ నోట్లో హన్మండ్లు పేరుంది, దాని ముందొకటి వెనకొకటి తిట్టు కూడా ఉంది.

"బావా, నీ ఎనుక జనం నడుత్తాన్రు. ఫోటోల పడుతాన్రు!" అని అరిచింది చేనులోంచి.

"పడనియ్యి. నా ఎనుక జనముంటే మంచిదేనాయె!" అన్నాడు హన్మండ్లు పెదవి కదపకుండా. వెనక్కి తిరిగి చూస్తే పోజు పాడవుతుంది. పోజు పోతే పోస్టు పోతుంది.

ఉమారాణికి ఆరా పెరిగింది. తీసిన ఫోటోలను ఒక్కొక్కటే పెద్దవి చేసి చూడసాగింది. బైకుల మీద పోయేవాళ్ళందరికీ హెల్మెట్లున్నాయి. ఆ రోడ్డు మీద హెల్మెట్ అనేది పెళ్ళి కట్నంలో వచ్చి అటక మీద ఉండే వస్తువు. అందులోనూ ఆ హెల్మెట్! ఎర్రటిది, మీద చిలుక బొమ్మ. ఒక ఫోటోలో బక్కతను కోరుట్ల వైపు పోతూ పెట్టుకున్నాడు. తరువాతి దాంట్లో లావుపాటి ఆసామి కథలాపూర్ వైపు పోతూ పెట్టుకున్నాడు. మళ్ళీ ఒక మాస్టారు. మళ్ళీ ఒక పాలాయన. లెక్కపెడితే గంటలో పదకొండు తలలు మారింది. తలలు మారాయి గాని చిలుక మారలేదు. కల్వర్టుకు అటూ ఇటూ నిలబడి, దాటినవాడు దాటబోయేవాడికి ఇస్తున్నాడని పాపం ఆమెకేం తెలుసు? ఆ చిలుక దొరకని గిన్నెల వ్యాపారి ఒకాయన, అమ్మకానికి తెచ్చిన అల్యూమినియం గుండిగను తలకు బోర్లించుకుని, కళ్ళకు ఏమీ కనిపించక, హారన్ కొట్టుకుంటూ కల్వర్టు దాటాడు.

"అత్తమ్మా, ఇయ్యాల ఏమన్న పండుగనా?" అని అడిగింది ఉమారాణి.

"పండుగేమో గని పిల్లా, గీ లైటు నాకు పడ్తలేదే. గంట సంది నడుముల కరెంటు కొడ్తాంది. జుయ్యి మంటాంది, ఆగుతాంది. మళ్ల జుయ్యి మంటాంది."

"లైటుకు తీగనే లేదు, కరెంటెట్ల కొడ్తది?"

"తీగ లేకుంటనే మెరుత్తలేదా? గట్లనే కొడ్తది."

తర్కానికి తిరుగులేదు. ఉమారాణి లైటు బలాన్ని కాస్త తగ్గించింది. అయినా మొగిలవ్వ నడుము అదురుతూనే ఉంది. పదకొండుంబావుకు ఒక్కసారిగా ఆగిపోయింది. "ఆఁ, ఇప్పుడు తక్కువైంది" అని మొగిలవ్వ సంతోషంగా ఇసుక సంచి మీద సర్దుకు కూర్చుంది.

అప్పుడే వచ్చింది పోలీసు జీపు. కల్వర్టు వంద గజాల దూరంలో ఉండగా జీపు నెమ్మదించింది, డ్రైవరు సీటుబెల్టు పెట్టుకున్నాడు, పక్కన కూర్చున్న ఎస్సై టోపీ సవరించుకున్నాడు. మెల్లగా లైటు ముందునుంచి పోయి, ఆగి, మళ్ళీ మెల్లగా వెనక్కి వచ్చింది.

ఎస్సై దిగి, డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఇది జిల్లా ఆఫీసు నుంచి వచ్చిందా? మాకు చెప్పనేలేదు" అన్నాడు హన్మండ్లుతో, కొంచెం గౌరవంగానే.

హన్మండ్లుకు చాపిన చెయ్యి సెల్యూటుగా మార్చడం తోచలేదు. మక్క ఆకులు తోసుకుంటూ, నెత్తి మీద మక్క పీచుతో ఉమారాణి గట్టెక్కింది. ఎస్సై రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవలమ్మా నువ్వు?"

"ఫోటోగ్రాఫర్ను సార్. మా బావది ఫ్లెక్సీ ఫోటో తీత్తాన్న. ఇది ఉత్త లైటే."

"ఉత్త లైటా? నా పదకొండేండ్ల సర్వీసుల గీ రోడ్డు మీద నేనింతమంది తలకాయలకు హెల్మెట్లు చూడలేదు. పొద్దటి సంది ఆటోకు నలుగురే. గిన్నె నెత్తి మీద బోర్లిచ్చుకున్నోన్ని గూడ చూసిన. ఎవని ఆర్డరురా గిదని ఆరా తియ్యనొస్తే, లైటంటవా? ఇంత ఎండల లైటెందుకు?"

ఉమారాణికి ఒక్క క్షణంలో అన్నీ వెలిగాయి. మూటల ఆడవాళ్ళు, చిలుక హెల్మెట్, గుండిగ, గుండీలు, తిట్లు. గంటసేపటి ఆరా ఒక్క మెరుపులో తీరింది. మొగిలవ్వ బొడ్లోంచి ఫోను లాగి బావ చేతికిచ్చింది. హన్మండ్లు చూశాడు. అడ్డా గ్రూపులో నూట ముప్పై సందేశాలు, ఆఖరున ఒకే ఒక్క వరుస: దేవయ్య మిమ్మల్ని తొలగించారు. సమయం పదకొండుంబావు. కరెంటు తగ్గింది అప్పుడే కదా!

తీసేసే ముందు దేవయ్య పెట్టిన వాయిస్ మెసేజ్ వినిపించింది: "సూసిండ్రా తమ్మీ? వరుస నడిపిస్తడట! వరుసపెట్టి మనల్ని పట్టిస్తాండు. ఇగ నాలుగింటికి మీరే నిర్ణయం జేసుకోండ్రి."

హన్మండ్లు ఇసుక సంచి మీద మొగిలవ్వ పక్కన కూలబడ్డాడు. "అయిపోయింది ఉమా. మూడోసారి గూడ అయిపోయింది. ఇగ బతికున్నన్ని దినాలు ఎనిమిదింటికే నా బేరం."

ఉమారాణి కెమెరా వైపు, లైటు వైపు మార్చి మార్చి చూసింది. కిందటిసారి దొంగను చేసింది, ఈసారి ద్రోహిని చేసింది. ఫ్లాషు కెమెరా మీదున్నా బావకే దెబ్బ, కెమెరాకు దూరంగా ఉన్నా బావకే దెబ్బ.

ఎస్సైకి మాత్రం ఇంకా అనుమానం తీరలేదు. "అది సరేనమ్మా. ఎండల లైటెందుకో చెప్తివి కాదు."

చెప్పే ఓపిక ఆమెకు లేదు. "అట్ల నిలవడుండ్రి సార్" అంది. మీట నొక్కింది. కెమెరా వెనక తెర చూపించింది. నల్లని మేఘాల కింద, పక్కనుంచి పడిన వెలుతురులో, దవడ ఎముక కత్తిలా మెరుస్తూ ఎస్సై నిలబడి ఉన్నాడు. ఆయన ఆ తెర వైపు చాలాసేపు చూశాడు. ఎండలో లైటు ఎందుకో ఆయనకు పూర్తిగా అర్థమైంది.

"ఇంకోటి తియ్యి" అన్నాడు మెత్తగా. "ఒక్కన్నే కాకుండ జనంతోని ఉన్నట్టు ఉంటే మంచిగుంటది. ఏయ్, నువ్వు రావయ్యా." హన్మండ్లును లేపి, భుజం మీద చెయ్యేశాడు. వెనక, రోడ్డు పక్కన ఆపిన హన్మండ్లు ఆటో. హన్మండ్లు మొహంలో అంతులేని విషాదం. ఫోటోలో అది గాంభీర్యంగా పడింది. సరిగ్గా అప్పుడే ఇటు నుంచి రెండు ఆటోలు, నలుగురేసి మనుషులతో, ఆ దృశ్యాన్ని చూస్తూ పోయాయి. ఎస్సై ఆ ఫోటోను అక్కడే తన ఫోనులోకి తీసుకుని, జీపెక్కుతూ, "ఆ లైటు ఇంకో గంట ఉండనియ్యమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఇంకో గంట తీసినా, మొత్తం ఎనభై ఆరు ఫోటోల్లో ఫ్లెక్సీకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ప్రతిదాంట్లో బావ వెనక తిడుతున్న జనమే. పన్నెండయింది, ఒకటయింది. ఉమారాణి లైటును మడిచి, ఇసుక సంచితో సహా బావ ఆటో వెనక పెట్టింది. ఫ్లెక్సీ లేకపోయినా నిజం ఉంది కదా, నిజం చెప్పి గెలిపిస్తానంది. అది విని మొగిలవ్వ ఆమె నెత్తి మీది మక్క పీచు దులిపింది. కోడలికి అనుభవం తక్కువని ఆమెకు తెలుసు.

నాలుగింటికి అడ్డాలో గోడ మీద దేవయ్య ఫ్లెక్సీ ఒక్కటే ఉంది. కింద దేవయ్య తనే స్వయంగా ఉన్నాడు. నలభై మంది ఖాకీ చొక్కాలు గుండ్రంగా నిలబడ్డాయి. హన్మండ్లు ఆటో దిగగానే దారి ఇచ్చాయి గాని మాట ఇవ్వలేదు.

"అన్నలారా, అది పోలీసు కెమెరా కాదు. నా ఫోటో లైటు" అంది ఉమారాణి. "ఫ్లెక్సీ కోసం బావను తీత్తున్న, గంతే."

"ఎండల లైటేందమ్మా?" అన్నాడు దేవయ్య. అడ్డా అంతా గొల్లుమంది. "ఇగ రాత్రి గొడుగు వట్టుకొని తిరుగుమంటవు. ఫోటో తీసెటోళ్లు ఫోటో దిగెటోని ముంగట ఉంటరు. నువ్వేడున్నవు? మక్కల సొచ్చి దాసుకున్నవు. ఎందుకు?"

"కింది నుంచి తీత్తే మనిషి పెద్దగ కనవడుతడని..."

"ఇన్నరా? బావ కాడ లేదట, చేన్ల ఉన్నదట!"

నిజం చెబుతున్నకొద్దీ నిజం పలచబడిపోతోంది. ఇంతలో అక్షయ్ ఫోను చూస్తూ, "అరే, ఎస్సై సారు డీపీ మార్చిండు!" అని అరిచాడు. ఎస్సై నంబరు ఫోనులో లేని డ్రైవరు ఆ అడ్డాలో లేడు. భక్తితో కాదు, భయంతో. నలభై ఫోన్లు బయటికొచ్చాయి. నల్లని మేఘాలు, మెరిసే దవడ, భుజం మీద చెయ్యి. ఆ చెయ్యి కింద హన్మండ్లు.

"గిదిగో సాక్ష్యం!" అన్నాడు దేవయ్య.

అడ్డాలో అందరికంటే పాత డ్రైవరు చంద్రమౌళి. ఫోను దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని, తీరిగ్గా చూశాడు. "దేవయ్యా, ఒక్క మాట అడుగుత. తొమ్మిదేండ్లల్ల ఎస్సై నీ భుజం మీద ఎన్నడన్న చెయ్యేసిండా?"

దేవయ్య గోడ మీది తన ఫ్లెక్సీ వైపు చూశాడు.

"ఏయలే గని, చెయ్యి చూపిచ్చిండు. స్టేషన్ బయట నిలవడుమని" అన్నారెవరో వెనకనుంచి.

"నేనూ గదే అంటున్న" అన్నాడు చంద్రమౌళి. "బండి పట్టుకుంటే దేవయ్య పోయి బయట నిలవడుతడు. గీయన ఎస్సైనే తన ఆటో ముంగట నిలవెట్టిండు. మనకు ఎసువంటోడు కావాలె? కెమెరా పెట్టిచ్చెటోడు తీపియ్యను గూడ తీపిత్తడు. హన్మండ్లూ, గిప్పుడే చెప్పు. ఆ కెమెరా తీపిత్తవా?"

హన్మండ్లు పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడినవాడు కాదు. "అది ఎప్పుడో తీసేసినం కాకా" అన్నాడు అమాయకంగా. "మడతవెట్టి నా ఆటోల వెట్టినం."

అక్షయ్ పరుగెత్తి ఆటోలోకి తొంగిచూశాడు. "ఉన్నదే! నిజంగనే తీపిచ్చిండు! మూడుకాళ్లు ముడిసి ఎనుక వండవెట్టిండు!"

"గెలువకముందే పని జేసిండు రా!" అన్నాడు చంద్రమౌళి. ఆ అడ్డా చరిత్రలో వాగ్దానం కంటే ముందు పని జరగడం అదే మొదలు. చేతులు లేచాయి. ఒకటి, పది, ఇరవై, నలభై. ఉమారాణి గాభరాపడి, "అయ్యో, ఇనుండ్రి, అది నిజంగ ఉత్త లైటే..." అని ముందుకు పోబోయింది. మొగిలవ్వ ఆమె కొంగు పట్టి లాగింది.

"నోరు మూసుకో పిల్లా. నిజం రేపు గూడ ఉంటది. ఓట్లు ఇయ్యాల్నే ఉంటయి."

నలభై ఒకటో చెయ్యి హన్మండ్లుది. నలభై రెండోది దేవయ్యది. జుట్టు సవరించుకోవడానికి ఎత్తానని ఆయన తరువాత చెప్పుకున్నాడు గాని, లెక్కలో పడిపోయింది.

సోమవారం తెల్లవారి ఐదింటికి వచ్చిన హన్మండ్లు ఆటోకు ఐదుంబావుకే బేరం పడింది. వరుసలో మొదట ఉన్నది అతనే. ఆ బేరం ముగించుకుని తిరిగి వచ్చేసరికి, కథలాపూర్ నుంచి బీడీల కార్ఖానాకు పోయే ఆడవాళ్ళు ఇరవై మంది అడ్డాలో అతని కోసం కాచుకుని ఉన్నారు. ముందు లింగవ్వ, చంకలో బీడీల గంపతో.

"ఏం అధ్యక్షా! కెమెరా తీపిచ్చినవట?"

"అవునక్కా" అన్నాడు హన్మండ్లు, ఈసారి కొంచెం ఛాతీ విప్పి.

"నీకేం రోగమచ్చిందయ్యా? శనివారం పగటీలి ఆటోకు నలుగురే. పదేండ్లల్ల ఒక్కనాడు కాళ్లు సాపుకొని కూసున్నం. నా గంప నా ఒళ్లె ఉన్నది, ఎవలి మోచెయ్యి నా పక్కల లేదు. ఇయ్యాల మళ్ల పన్నెండు మంది. మాకు ఆ కెమెరా కావాలె. నువ్వే పెట్టియ్యాలె. నువ్వు చెప్తే ఎస్సై ఇంటడట కదా!"

గెలిపించినవాళ్ళకు కెమెరా వద్దు, ఎక్కేవాళ్ళకు కెమెరా కావాలి. అసలు కెమెరా లేదన్న సంగతి ఇప్పుడు ఏ పక్షానికి చెప్పినా పదవికే ముప్పు. కొత్త అధ్యక్షుడు చెమట తుడుచుకుంటూ మరదలి స్టూడియోకు పరుగెత్తాడు. "ఉమా, నీ లైటొక్కటి రెండు గంటలు కల్వర్టు కాడ నిలవెట్టు. ఫోటోలేం అద్దు. మెరిత్తే సాలు."

"ఈ నెలంత కాదు బావా" అంది ఉమారాణి, డైరీ తిప్పుతూ. "మల్లాపూర్ రోడ్డు మూలమలుపు, సిరిసిల్ల తొవ్వల బడి ముంగట, ఇంక మెట్‌పల్లి దిక్కు ఒక ఊరోళ్లు అడిగిపోయిండ్రు. ముగ్గురికీ మాటిచ్చిన."

చిన్నప్పటినుంచి ఆమె కోరుకున్నది అదే, ఊరూరా తిరిగి ఆరుబయట ఫోటోలు తీయడం. ఆ మూడు ఊళ్ళవాళ్ళూ పెట్టిన షరతు మాత్రం ఒక్కటే: కెమెరా తేవద్దట.